దస్తారు వెనుక మనిషి: పాతబస్తీ పురుష ఛాయాచిత్రాల కాలనిర్ణయం, పఠనం

తెలుగు సాహిత్య పరిశోధన కాలనిర్ణయంతోనే పెరిగింది. మానవల్లి రామకృష్ణకవి 1909లో కుమారసంభవాన్ని ప్రకటించి నన్నెచోడుణ్ణి నన్నయకు ముందుకు జరిపిన నాటినుండి, ఒక కవి ఏ శతాబ్దివాడన్న ప్రశ్న మీద మన పండితులు పుటలకు పుటలు వ్రాశారు. బాహ్యప్రమాణాలు, అంతరప్రమాణాలు, పూర్వావధి, ఉత్తరావధి అనే మాటలు ఈ శాఖలో చేరిన మొదటి ఏడే విద్యార్థికి అలవాటవుతాయి. ఇంత శిక్షణ పొందిన మనం ఛాయాచిత్రం దగ్గరకు వచ్చేసరికి ఆ పరికరాలన్నీ గుమ్మం బయట వదిలిపెడుతున్నాం. రాజశేఖర చరిత్రము పత్రికలో వెలువడటం మొదలైన 1878 నాటికి వీరేశలింగం వయస్సు ముప్పై. ఆ నవల గురించిన వ్యాసం పక్కన మనం సాధారణంగా అచ్చువేసేది వయసు మళ్ళిన పంతులుగారి బొమ్మను. గురజాడ బొమ్మ వేసేటప్పుడు అది 1897 నాటి కన్యాశుల్కం రచయితదా, 1909 నాటి కన్యాశుల్కం రచయితదా అని అడిగినవారు అరుదు. రెండు ముద్రణల పాఠభేదాలను మాత్రం మనం అక్షరమక్షరం లెక్కపెడతాం.

ఛాయాచిత్రం కూడా ఒక పాఠమేననీ, దానికీ ప్రతులు, ప్రక్షిప్తాలు, లేఖక దోషాలు ఉంటాయనీ అంగీకరిస్తే, మన కాలనిర్ణయ పద్ధతి దానికి ఎంతవరకు వర్తిస్తుందన్నది ఈ వ్యాసంలో ప్రధాన ప్రశ్న. పరిశీలనకు తీసుకున్నది ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు (1869–1911) హైదరాబాదులో స్టూడియోల్లో తీయించుకున్న పురుషుల చిత్రాలు. విక్టోరియా యుగపు చివరి ముప్పై ఏళ్ళు ఈ కాలంలోనే ఇమిడి ఉన్నాయి. ప్రశ్న పైకి సాంకేతికంగా కనిపించినా, దాని వెనుక వేరొక చిక్కు ఉంది. ఈ నగరంలో పాత ఫోటోలో షేర్వానీ, దస్తారు కనబడితే చాలు, 'ఎవరో నవాబు' అనే వ్యాఖ్య వెంటనే పడుతుంది. ఆ ఒక్క మాటతో ఎందరో ముఖాలు తమ ఇళ్ళ చరిత్రలోనుండి జారిపోతున్నాయి. వారిలో తెలుగువారూ ఉన్నారు.

అట్ట చెప్పే సాక్ష్యం

హైదరాబాదు ఛాయాచిత్రాల ప్రస్తావన లాలా దీన్ దయాళ్ పేరు లేకుండా సాగదు. 1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో పుట్టి, రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందూరు ప్రభుత్వ నిర్మాణశాఖలో ఉద్యోగం చేస్తూ కెమెరా చేతబట్టినవాడు ఆయన. 1886 ప్రాంతంలో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. 1892లో హైదరాబాదులో స్త్రీలకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. 1894లో నిజాం ఆయనకు 'రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్' బిరుదునిచ్చాడు. 1896లో బొంబాయి శాఖ ఏర్పడింది. 1897లో విక్టోరియా రాణి ఛాయాచిత్రకారుడిగా నియామకం లభించింది. 1905లో ఆయన మరణించాడు.

ఈ సంవత్సరాలను నేను జీవితచరిత్ర కోసం ఏకరువు పెట్టటం లేదు. ఆ కాలపు స్టూడియో చిత్రాన్ని గట్టి అట్టకు అతికించి ఇచ్చేవారు. అట్ట అడుగునగాని వెనుకగాని స్టూడియో పేరు, శాఖలున్న ఊళ్ళు, పొందిన బిరుదులు, రాజాదరణ చిహ్నాలు అచ్చయి ఉండేవి. మన ప్రబంధాల్లో ఆశ్వాసాంత గద్య చేసే పనిని ఇక్కడ ఈ అట్ట చేస్తుంది. కవి తన తండ్రి పేరు, గురువు పేరు, బిరుదాలు ఆశ్వాసం చివర చెప్పుకున్నట్లే ఛాయాచిత్రకారుడు తన ప్రతిష్ఠను అట్ట మీద చెప్పుకున్నాడు. గద్యలోని బిరుదం ఆధారంగా కావ్యానికి పూర్వావధి కట్టటం మనకు తెలిసిన విద్య. అట్ట మీద 'రాజా' అని ఉంటే అది 1894కు ముందుది కాదు. బొంబాయి పేరుంటే 1896కు ముందుది కాదు. రాణిగారి నియామకం ప్రస్తావన ఉంటే 1897కు ముందుది కాదు. ఇవేవీ లేకపోతే మాత్రం అప్పటికి ఆ బిరుదాలు లేవని తీర్మానించరాదు. మిగిలిపోయిన పాత అట్టలను వ్యాపారి ఊరికే పారవేయడు. అంటే అట్ట పూర్వావధిని గట్టిగా చెబుతుంది, ఉత్తరావధిని చెప్పదు.

అట్ట చెప్పేది ప్రతి కాలాన్నే గాని మూల కాలాన్ని కాదన్న సంగతినీ మరవకూడదు. తాళపత్ర ప్రతి పద్దెనిమిదవ శతాబ్దిది అయినంత మాత్రాన కావ్యం ఆ శతాబ్దిది కాదు గదా. గాజు ఫలకం భద్రంగా ఉన్నంతకాలం దానినుండి ఎన్ని ముద్రణలైనా తీయవచ్చు. పాత చిత్రాన్నే మళ్ళీ ఫోటో తీసి కొత్త ఫలకం చేయటం కూడా స్టూడియోలు మామూలుగా చేసిన పని. దీనికి మంచి పరీక్ష మొదటి సాలార్ జంగ్. ఆయన 1883 ఫిబ్రవరిలో కలరాతో మరణించాడు. దీన్ దయాళ్ సికింద్రాబాదు స్టూడియో అట్ట మీద ఆయన ముఖం కనిపిస్తే, అది చనిపోయిన దివాన్ స్మృతిగా వేరొక పాత చిత్రం నుండి తీసిన ప్రతి అని చెప్పుకోవాలి. ఆ చిత్రంలోని దుస్తులు ఒక దశాబ్దివి, కాగితం మరొక దశాబ్దిది. ఈ రెండింటినీ విడదీయకుండా ఒకే తేదీ వేసే వ్యాఖ్య తప్పక పొరబడుతుంది.

సాలార్ జంగ్ పేరే మరో ముడి. అది వ్యక్తినామం కాదు, బిరుదం. మొదటివాడు తురాబ్ అలీ ఖాన్ (1829–1883). ఆయన కుమారుడు లాయక్ అలీ ఖాన్ 1884 నుండి 1887 వరకు దివాన్‌గా ఉండి 1889లో చిన్నవయస్సులోనే మరణించాడు. అదే ఏడు పుట్టిన యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949) సేకరించిన వస్తువులే నేటి సాలార్ జంగ్ మ్యూజియం. ముగ్గురూ ఒకే ఇంటివారు, ముగ్గురి చిత్రాల కిందా ఒకే మాట. ఒక పుస్తకంలో 'సాలార్ జంగ్, 19వ శతాబ్దం' అన్న వ్యాఖ్య చూచినప్పుడు నాకు నలుగురు సోమనాథులను ఒక్కరిగా చేసి వ్రాసిన సాహిత్య చరిత్ర గుర్తుకు వస్తుంది. ఒకే పేరు కనబడగానే ఒకే మనిషి అనుకోవటం ఎంత ప్రమాదమో మన శాఖకు చెప్పనక్కర లేదు.

అట్ట వెనుక చేతివ్రాత ఉంటే అదృష్టమే. అయితే హైదరాబాదులో ఆ అదృష్టం కూడా తిన్నగా రాదు. రాజ్యంలో మతపరమైన వ్యవహారాలకు హిజ్రీ, రెవెన్యూ, పరిపాలన వ్యవహారాలకు ఫసలీ వాడేవారు. హిజ్రీ చాంద్రమానం, ఫసలీ సౌరమానం. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. సంవత్సరం ముందు ఏ శకమో వ్రాయకపోతే, ఉదాహరణకు 1306 అని మాత్రమే ఉంటే, హిజ్రీ ప్రకారం అది 1888–89, ఫసలీ ప్రకారం 1896–97. ఎనిమిదేళ్ళ తేడా. ఒక మనిషి జీవితంలో, ఒక స్టూడియో జీవితంలో ఎనిమిదేళ్ళు తక్కువ కాలం కాదు. ఇంటివారి లెక్కలూ కార్యాలయపు లెక్కలూ ఏ చేతిలో ఏ శకంలో నడిచాయో తెలియకుండా ఈ అంకెలను చదవలేం. సర్కారీ ఉద్యోగి ఇంట్లో ఫసలీ ఉండే అవకాశం ఎక్కువన్నది ఊహే గాని, ఆధారం ఉన్న ఊహ.

పరాయి కొలబద్ద

ఇంగ్లండులో విక్టోరియా కాలపు పురుష చిత్రాల కాలనిర్ణయానికి ఒక శాస్త్రమే ఏర్పడింది. కోటు పొడవు, కాలరు ఎత్తు, జుట్టు పాపిట, గడ్డం తీరు చూచి దశాబ్దిని చెప్పగలరు. క్రిమియా యుద్ధం (1853–56) నుండి తిరిగివచ్చిన సైనికుల గడ్డాలను చూచి మామూలు జనం కూడా గడ్డాలు పెంచారని, అందుచేత నిండు గడ్డం ఫలానా దశాబ్దులకు గుర్తని వారు లెక్కకడతారు. 1860లలో నిలువెత్తు చిత్రాలు, పక్కన స్తంభము, తెర. తరువాత మోకాళ్ళవరకు చిత్రాలు. శతాబ్ది చివరికి భుజాలవరకు మాత్రమే కనబడుతూ అంచులు కరిగిపోయే చిత్రాలు అన్న క్రమాన్ని కూడా వారు సూచించారు. ఆ సమాజానికి అది పనికివచ్చే క్రమమే. అక్కడ ఫ్యాషన్ ఏటేటా మారింది. మారిన ఫ్యాషన్‌ను అనుసరించటం మర్యాదస్తుడి లక్షణంగా ఉండేది.

దర్బారులో మర్యాద వేరు, అక్కడ మారకపోవటమే మర్యాద. నిజాం సముఖానికి వెళ్ళే ఉద్యోగి దస్తారు, నడుముకు బగ్లూస్ ధరించి తీరాలి. ముప్పై ఏళ్ళ తేడాతో తీసిన ఇద్దరు ఉద్యోగుల చిత్రాల్లో నడుము పట్టీ, తలపాగా చుట్టు దాదాపు ఒకేలా ఉండవచ్చు. కోటు కాలరు నుండి దశాబ్దిని రాబట్టినట్లు షేర్వానీ కాలరు నుండి రాబట్టబోతే మనకు దక్కేది భ్రమే. గడ్డం సంగతి కూడా అంతే. లండనులో గడ్డం ఫ్యాషన్. హైదరాబాదులో అది మతాచారం కావచ్చు, వయస్సు కావచ్చు, దీక్ష కావచ్చు, ప్రభువు అనుకరణ కావచ్చు. మహబూబ్ అలీ ఖాన్ నడివయస్సు చిత్రాల్లో చెంపలమీద బాగా పెరిగిన మీసకట్టు కనిపిస్తుంది. దానిని అనుసరించిన కొలువువారిని ఆ ఒక్క ఆధారంతోనే ఫలానా ఏటివారని చెప్పటం సాహసం.

మీసం మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న విషయాంతరం. గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాలను సందర్శించి అవధానాలు చేసిన తిరుపతి వేంకట కవుల మీసాల కథ తెలుగు పాఠకులకు తెలిసిందే. వారు మీసాలు పెంచింది అలంకారానికి కాదు, సాటి కవులకు సవాలుగా. ఆ జంటకవుల చిత్రాన్ని ఇంగ్లండు కొలబద్దతో చదివేవాడు మీసపు తీరును బట్టి దశాబ్దిని చెప్పబోతాడు. అసలు చదవవలసింది ఒక సాహిత్య వివాదాన్ని. శరీరం మీది గుర్తులకు అర్థం ఆ సమాజపు వాఙ్మయంలోనే ఉంటుందనడానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ నాకు దొరకలేదు.

పరాయి పద్ధతిలో మనకు పనికివచ్చే భాగం దుస్తులది కాదు, రసాయనానిది. కొల్లోడియన్ తడి ఫలకాల కాలంలో బిగింపు సమయం ఎక్కువ. కూర్చున్నవాడి తల కదలకుండా వెనుక ఒక ఇనుప కొక్కెం బిగించేవారు. నిలుచున్నవాడి పాదాల మధ్య దాని పీట అంచు తొంగిచూస్తుంటుంది. 1880ల నుండి పొడి జెలటిన్ ఫలకాలు వ్యాపించాక ఆ అవసరం తగ్గింది. కాగితం కూడా మాట్లాడుతుంది. గుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితం పల్చనిది, కాలక్రమాన పసుపుబారి సన్నని పగుళ్ళు వేస్తుంది. జెలటిన్ కాగితం నల్లని భాగాల అంచుల్లో వెండిలా మెరుస్తుంది. శతాబ్ది చివరి దశాబ్దిలో రెండవది మొదటిదాన్ని తోసివేసింది. అట్ట కొలత కూడా ఒక సాక్షి. 1854లో పారిస్‌లో డిస్దేరి పేటెంటు పొందిన చిన్న విజిటింగ్ కార్డు చిత్రానికి బదులు, 1866 నుండి నాలుగుంపావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల పొడవు గల క్యాబినెట్ కార్డు వాడుకలోకి వచ్చింది. ఈ ఆధారాలకు లండననీ హైదరాబాదనీ తేడా లేదు. సరుకు అక్కడినుండే ఓడల్లో వచ్చేది.

రంగు మింగిన గుర్తులు

ఇక ముఖ్యమైన విషయానికి వస్తున్నాను. దుస్తులు కాలాన్ని చెప్పకపోతే పోనీ, మనిషి ఎవరో అయినా చెబుతాయా?

షేర్వానీకి ముందున్న అంగర్ఖా, జామా వంటి ఉడుపుల్లో ముడి ఎటువైపు వేశారన్నది ఒక గుర్తు. మొగలుల నాటినుండి ముస్లిములు కుడివైపు, హిందువులు ఎడమవైపు ముడివేయటం రివాజు. చిత్రలేఖనాలను చదివే చరిత్రకారులు నేటికీ ఆ ముడి కోసమే వెతుకుతారు. పంతొమ్మిదవ శతాబ్దిలో అంగర్ఖా తరహా ఉడుపు యూరోపియన్ కోటుతో కలిసి షేర్వానీగా రూపొందినప్పుడు గుండీలు నడిమికి వచ్చాయి. ముడి పోయింది, ముడితోపాటు గుర్తు పోయింది. కొలువులో అందరినీ ఒకే వరుసలో నిలబెట్టే దుస్తు అది. కాబట్టి షేర్వానీని చూచి ఇతడు ముస్లిమని తీర్మానించటం, ఆ ఉడుపు దేనిని చెరిపివేయటానికి తోడ్పడిందో దానినే దానినుండి చదవబోవటం.

మహారాజా కిషన్ పర్షాద్ (1864–1940) ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. చందూలాల్ వంశీకుడు, ఖత్రీ, 'షాద్' అనే కలంపేరుతో ఉర్దూ, ఫారసీ కవిత్వం వ్రాసినవాడు, 1901 నుండి 1912 వరకు ప్రధానమంత్రి. చిత్రం కింద పేరు ఉంది కనుక సరిపోయింది. పేరు లేకుంటే ఆ దర్బారు ఉడుపులోని ఆయనను నేటి ప్రేక్షకుడు ఏమనుకుంటాడు? కాలం కొంచెం ఇవతలిదే అయినా మరొక ఉదాహరణ చెప్పాలి. నగర కొత్వాలుగా పనిచేసిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి (1869–1953) రెడ్డి హాస్టలు స్థాపకుడుగా తెలుగు విద్యా చరిత్రలో నిలిచిన వ్యక్తి. దర్బారు దుస్తుల్లో ఉన్న ఆయన ఫోటో నుండి పేరు తీసివేసి చూపితే మన విద్యార్థుల్లో ఎందరు ఆయనను తెలుగువాడంటారు? సంస్థానాధీశుల సంగతీ ఇంతే. సొంత ఊళ్ళో తెలుగు, సంస్కృత పండితులను పోషించిన ప్రభువులే హైదరాబాదు దర్బారులో దస్తారు కట్టుకుని నిలిచారు. రెండూ వారి నిజరూపాలే.

దుస్తు పోయినా నొసటి గుర్తు మిగలదా అని అడగవచ్చు. ఇక్కడే ఫలకం మనల్ని మోసం చేస్తుంది. ఆనాటి ఫలకాలు నీలం కాంతిని బాగా గ్రహించేవి, ఎరుపును దాదాపు గ్రహించేవి కావు. ఎరుపును కూడా గ్రహించే ఫలకాలు 1906 నుండి గాని మార్కెట్టులోకి రాలేదు. అందుచేత ఆ చిత్రాల్లో నీలం తెల్లబడుతుంది, ఎరుపు నల్లబడుతుంది, పసుపు కూడా చాలావరకు నల్లబడుతుంది. ఆసఫ్ జాహీల పతాకపు పసుపు రంగు ఒక మామూలు ఫలకం మీద చీకటి ముద్దగా పడుతుంది. రూమీ టోపీ ఎరుపు నలుపవుతుంది. ఇక గోధుమ వన్నె నొసటి మీద ఎర్రని కుంకుమబొట్టు? చర్మమూ ముదురే, బొట్టూ ముదురే. రెండూ కలిసిపోతాయి. విభూతి రేఖలు నిలుస్తాయి. ఊర్ధ్వపుండ్రాల తెలుపు నిలుస్తుంది, నడిమి తిరుచూర్ణం కరిగిపోతుంది. అంటే ఫలకం కొన్ని గుర్తులను ఉంచి కొన్నిటిని తొలగించింది. ఇది లేఖక దోషం వంటిదే. లేఖకుడు రసాయనం కావటమే భేదం. బొట్టు కనబడలేదు కాబట్టి బొట్టు లేదు అనే వాదన, ప్రతిలో పద్యం లేదు కాబట్టి కవి వ్రాయలేదు అనే వాదన వంటిది.

స్టూడియో చేసే దిద్దుబాటు దీనికి తోడు. ఫలకం మీద పెన్సిలుతో ముడతలు, మచ్చలు తుడిచేవారు. పెన్సిలు పడిన చోట ముద్రణలో తెల్లబడుతుంది. యాభై ఏళ్ళ ముఖం నలభై ఏళ్ళదిగా కనిపించేది. ముఖాన్ని చూచి వయస్సు, వయస్సు నుండి సంవత్సరం కట్టేవారు ఈ పెన్సిలును లెక్కలో వేసుకోవటం లేదు.

శాలిబండ ఇంటి చిత్రం

ఈ పరిశీలనకు నన్ను పురికొల్పిన చిత్రం శాలిబండ ప్రాంతంలోని ఒక తెలుగు ఇంట్లో ఉంది. హైదరాబాదు తెలుగు కుటుంబాల పాత పుస్తకాల వివరాలు సేకరిస్తూ ఆ ఇంటికి వెళ్ళాను. పుస్తకాల కంటె ముందు గోడమీది చిత్రం కంటబడింది. ఎనభై దాటిన ఆ ఇంటి పెద్దావిడ, "మా మామగారి తాతగారు బాబూ. వచ్చినవాళ్ళందరూ నవాబు అంటారు. మేమూ ఇప్పుడు గట్టిగా చెప్పటం మానేశాం" అన్నారు. పాత వస్తువుల విలువ కట్టటంలో పేరున్న ఒక పెద్దమనిషి కొన్నేళ్ళ కిందట వచ్చి, ఇది 1880ల నాటి ముస్లిం జాగీర్దారు చిత్రమనీ, ఏదో పాతసామాను అంగడి నుండి ఇంటికి చేరి ఉంటుందనీ చెప్పి వెళ్ళారట. ఆనాటినుండి ఇంట్లోని పిల్లలు ఆ చిత్రాన్ని పూర్వీకుడిదిగా పరిగణించటం లేదు. ఆ మాట అనేటప్పుడు ఆమె కంఠంలో కోపం లేదు. అలసట ఉంది.

చిత్రం క్యాబినెట్ కార్డు. చట్రం విప్పి చూడటానికి ఆమె అనుమతించారు. ముప్పై ఐదు, నలభై మధ్య వయస్సుగా కనిపించే వ్యక్తి, ముదురు షేర్వానీ, దస్తారు, బగ్లూస్, చేతిలో మడిచిన కాగితం, పక్కన చెక్క బల్ల. అట్ట అడుగున రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్ అని, ఊళ్ళ పేర్లలో బొంబాయి కూడా ఉంది. వెనుక ఉర్దూ అంకెల్లో 1306 అని మాత్రమే చేతివ్రాత.

ఆ పెద్దమనిషి 1306ను హిజ్రీగా చదివి 1888–89 అన్నారని స్పష్టమే. అయితే అట్ట మీద 'రాజా' ఉంది, బొంబాయి ఉంది. కాబట్టి ఈ ప్రతి 1896కు ముందుది కాదు. ఫసలీగా చదివితే 1896–97. అట్ట, అంకె రెండూ పొందుతాయి. హిజ్రీగానే చదవాలంటే పాత ఫలకం నుండి తరువాత తీసిన ప్రతి అనీ, వెనుక వ్రాసినవారు పాత తేదీని గుర్తుపెట్టుకుని వేశారనీ రెండు కల్పనలు చేయవలసి వస్తుంది. లాఘవం ఫసలీ వైపే ఉంది. ఫసలీ వేసిన చేయి దఫ్తరు వ్యవహారంలో నలిగిన చేయి కావచ్చు. మామగారి తాతగారు సర్కారీ దఫ్తరులో వ్రాతపని చేసేవారన్నది ఆ ఇంటి మౌఖిక సంప్రదాయం. ఆ రెండూ ఒకదానినొకటి బలపరుస్తాయి, నిరూపించవు.

ఇంటి కాగితాలు అడిగాను. అప్పట్లో వారి ఇల్లు అఫ్జల్‌గంజ్ దగ్గర ఉండేదట. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చినప్పుడు పెట్టెలతో సహా పోయాయి. ఈ చిత్రం ఆనాడు వేరే ఊళ్ళో బంధువుల ఇంట ఉండటం వల్ల మిగిలిందని చెబుతారు. ఆ వరదలో పోయిన ప్రాణాలు వేలు. వాటి పక్కన కాగితాల లెక్క చిన్నదే. అయినా పాతబస్తీ కుటుంబాల చరిత్రలో 1908కి ముందు ఇంత ఖాళీ ఎందుకు ఉందో అడిగేవారికి ఆ తేదీ ఒక జవాబు.

భూతద్దంతో నొసలు చూచాను. కనుబొమల మధ్య చర్మం కంటె కొద్దిగా ముదురైన చిన్న చుక్క ఉంది. దీనిని బొట్టు అని ప్రకటించాలన్న ఆశ నాకు కలిగిందని ఒప్పుకోవాలి. అది పెన్సిలు దిద్దుబాటు కాదు. పెన్సిలైతే తెల్లగా ఉండాలి. అయితే ఫలకం మీది పూతలో సూదిమొనంత రంధ్రం పడినా ముద్రణలో నల్ల చుక్కే వస్తుంది. రంధ్రమైతే అంచు పదునుగా ఉంటుంది, బొట్టయితే మెత్తగా ఉంటుంది. ఈ చుక్క అంచు ఒకవైపు మెత్తగా, మరొకవైపు కాగితపు పగులుతో కలిసి ఉంది. కనుక దీనిని ప్రమాణంగా స్వీకరించటం లేదు.

ఇంతవరకు వచ్చిన నిర్ణయం ఇది. ఈ ప్రతి 1896కు తరువాతిది. 1896–97 కావటానికి బలమైన అవకాశం ఉంది. 1880ల నాటిదన్న అభిప్రాయం నిలవదు. ఉడుపును బట్టి ఇతడు ముస్లిమని చెప్పిన వాదనకు ఆధారం లేదు. ఇతడు ఆ ఇంటి పూర్వీకుడే అని చెప్పటానికి కూడా నా దగ్గర లిఖిత ప్రమాణం లేదు. కాదనటానికి ఉన్న ఒక్క కారణం మాత్రం తొలగిపోయింది. ఇంటివారి మౌఖిక సాక్ష్యాన్ని పక్కకు నెట్టేంత బలం గల సాక్ష్యం ఎదుటి పక్షాన లేనప్పుడు ఆ సాక్ష్యమే నిలవాలి. మన సాహిత్య చరిత్రలో ఎన్నో కవుల ఊళ్ళు, ఇంటిపేర్లు ఇంతకంటె బలహీనమైన ఆధారాల మీదనే నిలబడి ఉన్నాయి.

మరొక పరీక్ష మిగిలి ఉంది. దీన్ దయాళ్ స్టూడియో గాజు ఫలకాల మీద సంఖ్య వేసేది. కొన్ని ముద్రణల్లో ఆ సంఖ్య అంచున కనబడుతుంది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం ఆ స్టూడియోకు చెందిన 2,857 గాజు ఫలకాలను కొనుగోలు చేసింది. సంఖ్య తెలిస్తే ఆ సేకరణలో వెతకవచ్చు, పక్క సంఖ్యల వ్యక్తుల తేదీలతో పోల్చవచ్చు. శాలిబండ చిత్రంలో కూడా కుడివైపు అడుగు అంచున అంకెలు ఉన్నాయి. మొదటి రెండు స్పష్టంగా చదవవచ్చు. తక్కినవి, చిత్రాన్ని చట్రంలో ఇమడ్చటానికి ఎప్పుడో ఎవరో కత్తిరించిన అంచుతో పాటు పోయాయి.